యెస్ బృందం జంట ఎల్పీ ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ (1973): నాలుగు వైపులూ మళ్ళీ విందాం

పాతరికార్డు:

పొడవైన, క్లిష్టమైన రచనలు చేసే రాక్ శాఖ ప్రోగ్రెసివ్ రాక్ తన హద్దు మరచిపోయిందని చెప్పదలచుకున్నవారు యాభై ఏళ్ళుగా ఒకే ఆల్బమ్‌ను సాక్ష్యంగా చూపిస్తున్నారు. అది యెస్ అనే ఇంగ్లండు రాక్ బృందం 1973 డిసెంబరులో స్వదేశంలో విడుదల చేసిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’. రెండు ఎల్పీలు (పెద్ద గ్రామఫోను రికార్డులు), నాలుగు వైపులు, వైపుకు ఒకటి చొప్పున నాలుగే రచనలు, మొత్తం నిడివి 80 నిమిషాల పైచిలుకు. దీన్ని నిందించినవారిలో ఎందరు నాలుగో వైపు చివరి దాకా విని ఉంటారన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. అందువల్ల సభ్యులందరం దీన్ని మొదటి నుంచి మళ్ళీ విని, ఇతరులు రాసిన సమీక్షలను పక్కనపెట్టి, మన చెవికి తోచినదాన్ని మాత్రమే ఇక్కడ రాద్దామని ప్రతిపాదిస్తున్నాను.

నేపథ్యం తెలియనివారి కోసం కొంత చెబుతాను. 1972 సెప్టెంబరులో వచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’తో యెస్ కీర్తి శిఖరానికి చేరింది. ఆ ఆల్బమ్ పూర్తికాగానే డ్రమ్స్ వాయించే బిల్ బ్రూఫోర్డ్ కింగ్ క్రిమ్‌సన్ అనే మరో బృందానికి వెళ్ళిపోయాడు, ఆయన స్థానంలోకి అలన్ వైట్ వచ్చాడు. 1973 మార్చిలో బ్రూఫోర్డ్ పెళ్ళికి వెళ్ళిన గాయకుడు జాన్ ఆండర్సన్‌కు, అక్కడ కింగ్ క్రిమ్‌సన్ వాద్యకారుడు జేమీ మ్యూర్ పరమహంస యోగానంద ఆత్మకథ చదవమని చెప్పాడు. అదే నెలలో టోక్యో హోటల్ గదిలో ఆ పుస్తకం తిరగేస్తూ ఆండర్సన్ 83వ పేజీలోని ఒక పొడవాటి పాదసూచిక దగ్గర ఆగిపోయాడు. నాలుగు రకాల శాస్త్రగ్రంథాల గురించిన ఆ కొద్ది వాక్యాల మీద నాలుగు భాగాల రచన కట్టవచ్చని ఆయనకు అనిపించింది. పర్యటన సాగుతున్నంతకాలం ఆయనా, గిటారిస్టు స్టీవ్ హౌ హోటల్ గదుల్లో కూర్చుని బాణీలు పోగుచేశారు, అమెరికాలోని సవానా నగరంలో ఒక రాత్రి మొదలుపెట్టి తెల్లవారి ఏడింటి దాకా కూర్చుని నాలుగు భాగాల చట్రాన్ని బిగించారు. ఇందులో ఎక్కువభాగం ఆల్బమ్ అట్ట లోపల ఆండర్సన్ స్వయంగా రాసుకున్నదే.

లండన్‌లోని మోర్గన్ స్టూడియోలో ఆ ఏడాది ద్వితీయార్ధంలో రికార్డింగ్ జరిగింది. ఇంగ్లండులో విడుదలకు ముందే వచ్చిన ఆర్డర్లతోనే భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందిన తొలి ఆల్బమ్ ఇదే, అక్కడి పట్టికలో మొదటి స్థానానికి కూడా చేరింది. అంటే కొన్నవారికి కొదవ లేదు. వచ్చిన చిక్కంతా విన్న తరువాతే వచ్చింది.

నా మటుకు నాకు మొదటి వైపు, నాలుగో వైపు యెస్ చేసినవాటిలో అత్యుత్తమమైనవాటి సరసన నిలుస్తాయి. రెండో వైపు మీద గౌరవం ఉంది గాని ప్రేమ కుదరలేదు. మూడో వైపు గురించి మీరంతా ఏమంటారో విన్న తరువాత రాస్తాను.

తంబురశ్రుతి:

పాతరికార్డు గారూ, ఆ పాదసూచిక దగ్గరే మొదలుపెడతాను. ‘ఒక యోగి ఆత్మకథ’ తెలుగు ఇళ్ళలో పూజగది పక్క అలమారలో కనిపించే పుస్తకం కాబట్టి, మనలో చాలామందికి ఆ వాక్యాలు ఎక్కడో చదివినట్టే ఉంటాయి. శాస్త్రాలు శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగు తరగతులనీ, మతజీవితంతో పాటు న్యాయం, వైద్యం, వాస్తు, కళలు కూడా వాటి పరిధిలోకి వస్తాయనీ చెప్పే సంక్షిప్త వివరణ అది. ఆండర్సన్ నాలుగు రచనలకు పెట్టిన పేర్లు వరుసగా ఆ నాలుగింటికీ సరిపోతాయి. మొదటిది దైవజ్ఞానం వెల్లడి కావడం, రెండోది జ్ఞాపకం, మూడోది ప్రాచీనం, నాలుగోది క్రతువు. అయితే ఆ పొంతన శీర్షికల దగ్గరే ఆగిపోతుంది. పాటల సాహిత్యంలోకి దిగితే శాస్త్రం ఏదీ కనిపించదు. సూర్యుడు, సముద్రం, ఉదయం, ప్రయాణం చుట్టూ తిరిగే మాటలు ధ్వని కోసం ఎంచుకున్నట్టు వినిపిస్తాయే తప్ప ఒక వాదాన్ని నడిపించవు.

రోజర్ డీన్ గీసిన ముఖచిత్రాన్ని ఒకసారి ఈ దృష్టితో చూడండి. అందులో మెక్సికోలోని చిచెన్ ఇట్జా మాయా ఆలయం ఉంది, పెరూలోని నాజ్కా మైదానపు గీతలు ఉన్నాయి, బ్రిమ్‌హామ్, ఏవ్‌బరీ, స్టోన్‌హెంజ్ వంటి చోట్ల నిలిచిన ఇంగ్లండు రాళ్ళు ఉన్నాయి. భారతదేశపు గుర్తు మాత్రం నా కంటికి ఒక్కటీ కనిపించలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండు యువతకు ప్రాచీనత అనేది ఏ దేశానికీ చెందని ఒకే పెద్ద ప్రదేశమని ఈ చిత్రం తేటగా చెబుతోంది.

ఇది నేను తప్పు పట్టడానికి రాయడం లేదు. అంతకు ముందు కొన్నేళ్ళుగా భారతదేశాన్ని రాక్ సంగీతంలోకి ఎన్నో రకాలుగా తెచ్చారు. జార్జ్ హారిసన్ రవిశంకర్ దగ్గర కూర్చుని సితార్ నేర్చుకున్నాడు, 1967లో బీటిల్స్ ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్స్’లో తన పాట కోసం లండన్‌లోని భారతీయ వాద్యకారులను పిలిపించాడు, ఆ ఆల్బమ్ అట్ట మీద యోగానంద బొమ్మ కూడా పెట్టించాడు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. వీరు మన సంగీతాన్ని గురుముఖంగా అందుకున్నారు. మరోవైపు, పాట పాతదే అయినా పైన కాసేపు సితార్ మోగిస్తే చాలు సైకెడెలిక్ (మత్తులో తేలినట్టుండే సంగీతం) అయిపోతుందనుకున్నవారు లెక్కలేనంతమంది. మత్తుమందులకూ తన సంగీతానికీ ముడిపెట్టవద్దని రవిశంకర్ పదేపదే చెప్పవలసి వచ్చింది వారి వల్లే. యెస్ ఈ రెండు దారుల్లోనూ నడవలేదు. వారు తీసుకున్నది ఒక నిర్మాణ సూత్రాన్ని మాత్రమే. ఈ 80 నిమిషాల్లో ఏదైనా రాగం ఆధారంగా కట్టిన భాగం నాకు వినిపించలేదు. అలంకారంగా భారతదేశాన్ని వాడుకోకుండా, ఇంగ్లండు చర్చి గాయకబృందాల నుంచి వచ్చిన స్వరమేళనాన్నే నమ్ముకున్న ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను.

మొదటి వైపు ప్రారంభంలో దాదాపు ఒకే స్వరం మీద, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేనట్టు కొన్ని గొంతులు కలిసి పలికే ఆ మంత్రపఠనం లాంటి భాగం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. అక్కడ వాద్యాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరే తీరును హెడ్‌ఫోన్లతో వినండి.

మెలోట్రాన్‌ప్రియుడు:

రెండో వైపు పట్ల ప్రేమ కుదరలేదన్న మాట నన్ను ఇక్కడికి రప్పించింది. ‘ది రిమెంబరింగ్’ ఈ ఆల్బమ్‌లో కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్‌కు దక్కిన అసలైన వైపు, దాన్ని వినాలంటే మెలోట్రాన్ ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి.

ఈ వాద్యంలో ప్రతి మీటకూ ఒక టేపు ముక్క ఉంటుంది. దాని మీద వయొలిన్లో, ఫ్లూట్లో, గాయకబృందమో ఒక్కొక్క స్వరాన్ని పట్టి వినిపించిన ధ్వని ముందే రికార్డు చేసి ఉంటుంది. మీట నొక్కితే టేపు వెళ్ళి దాన్ని చదివే తలకు (హెడ్‌కు) ఆనుకుని నడుస్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. టేపు పొడవు సుమారు 8 సెకన్లకే సరిపోతుంది కాబట్టి అంతకు మించి ఏ స్వరాన్నీ నిలపడం సాధ్యం కాదు. మీటలు 35 మాత్రమే ఉన్న ఎం400 నమూనా 1970లో వచ్చాక బృందాలు దీన్ని వేదికల మీదకు సులువుగా మోసుకెళ్ళగలిగాయి. మోటారు వేగంలో కొద్దిపాటి తేడా వచ్చినా శ్రుతి కదిలిపోతుంది. మూడీ బ్లూస్ బృందపు మైక్ పిండర్ ఒకప్పుడు ఈ వాద్యాన్ని తయారుచేసే సంస్థలోనే పనిచేసినవాడు కాబట్టి, 1967 నాటి ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’లో దీని లోపాలనే అందంగా మలచగలిగాడు. 1969లో కింగ్ క్రిమ్‌సన్ తొలి ఆల్బమ్‌లో ఇయాన్ మెక్‌డొనాల్డ్ దీన్ని ముంచెత్తే వరదగా మార్చాడు.

వేక్‌మన్ రెండో వైపులో చేసింది ఈ రెంటికీ భిన్నం. స్వరమేళనాలు ఉబికి వచ్చి, ఎనిమిది సెకన్ల లోపే తమంతట తాము తగ్గి, మళ్ళీ మరో చోట లేస్తాయి. ఎలక్ట్రిక్ గిటారు చాలాసేపు వెనుకే ఉండిపోతుంది. పాట ముందుకు పరుగెత్తదు, వచ్చిన బాణీలే కొద్ది మార్పుతో తిరిగి వస్తాయి. జ్ఞాపకం గురించిన రచనకు ఇంతకంటే తగిన వాద్యం ఏముంటుంది?

ఇంకొక సంగతి. ఇందులోని సంగీత పదార్థం రెండు ఎల్పీలకు చాలదనీ, ఒకదానికి మాత్రం ఎక్కువనీ వేక్‌మన్ తరువాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు, 1974లో బృందాన్ని వదిలి వెళ్ళిపోయాడు. ఆ మాటను పట్టుకుని ఆయన పొడవైన రచనలకు వ్యతిరేకి అనుకోకూడదు. అదే 1974 జనవరిలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి ‘జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’ను వేదిక మీద రికార్డు చేసినవాడు ఆయనే. ఆయన అభ్యంతరం నిడివి మీద కాదు, ముందుగా రాసుకోకుండా స్టూడియోలో పూరించిన భాగాల మీద.

ఏడక్షరాలు:

నేను మృదంగం నేర్చుకున్నవాడిని, రాక్ సంగీతం నాకు ఆలస్యంగా పరిచయమైంది. అందుచేత ఈ ఆల్బమ్ నిడివి మీద వచ్చిన గొడవ నాకు మొదటి నుంచీ వింతగానే తోచింది. కర్ణాటక కచేరీలో గంటసేపు సాగే రాగం తానం పల్లవిని కదలకుండా వినే శ్రోతలకు 20 నిమిషాల రచన భారం ఎందుకవుతుంది? ఈ ప్రశ్నతోనే ఈసారి నాలుగు వైపులూ విన్నాను, సమాధానం దొరికిందనే అనుకుంటున్నాను.

రాగం తానం పల్లవిలో సాహిత్యం ఒక్క పాదమే. రాగాన్ని మెల్లగా విప్పి, తానంలో దానికి నడక కల్పించి, చివరికి ఆ ఒక్క పాదాన్ని తాళంలో కూర్చి, వేగాలు మార్చి, స్వరకల్పన చేసి, దాని లోపల ఉన్నదంతా బయటికి తీస్తారు. గంట గడిచిపోవడానికి కారణం పదార్థం ఎక్కువ కావడం కాదు, ఒకే పదార్థంతో ఎక్కువసేపు ఉండటం. దీనికి భిన్నంగా ‘టేల్స్’ మొదటి వైపును లెక్కగా వినండి. ఒక పల్లవి లాంటిది వస్తుంది, రెండు నిమిషాలు ఉంటుంది, అంతలోనే మరొక చక్కని బాణీ దాని చోటును ఆక్రమిస్తుంది, దాని వెనుకే మూడోది సిద్ధంగా ఉంటుంది. ఒక్కొక్కటీ ఒక పూర్తి పాటకు సరిపోయే సత్తువ ఉన్నదే, ఏదీ తన నిండుదనానికి చేరకముందే పక్కకు జరిగిపోతుంది.

కాబట్టి ఈ ఆల్బమ్ మీద వేయవలసిన నింద సాగదీశారని కాదు. సాగదీయవలసిన చోట సాగదీయలేదని నింద వేయాలి. శ్రోతకు కలిగే అలసట నిడివి వల్ల వచ్చినది కాదు, ఎక్కడా స్థిరంగా కూర్చోనివ్వకపోవడం వల్ల వచ్చినది. పింక్ ఫ్లాయిడ్ 1971లో చేసిన ‘ఎకోస్’ ఈ మొదటి వైపు కంటే నిడివైనదే, 23 నిమిషాలకు పైగా ఉంటుంది, అయినా ఎవరూ విసుక్కోరు, ఎందుకంటే అందులో పదార్థం తక్కువ, ప్రతి దాని దగ్గరా నిలిచే ఓపిక ఎక్కువ.

నాలుగో వైపు ‘రిచ్యువల్’ మాత్రం ఈ లోపాన్ని దాటింది. మేము సూర్యుని వారమని ఫ్రెంచిలో చెప్పే ఆ చిన్న పల్లవి వస్తుంది, క్రిస్ స్క్వయర్ బేస్ గిటారు దాని నుంచి బయలుదేరి చాలా దూరం వెళుతుంది, తరువాత తాళవాద్యాలు మాత్రమే మిగిలి చాలాసేపు ఘోషిస్తాయి, ఆ ఘోష అణగిన చోట పల్లవి మళ్ళీ, ఈసారి పియానోతో నెమ్మదిగా వినిపిస్తుంది. తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) ముగిసి పల్లవి ఎత్తుకున్న క్షణం కచేరీలో ఎటువంటి ఊరటనిస్తుందో మృదంగం వాయించినవారికి తెలుసు. ఇక్కడా అదే ఊరట ఉంది.

అలన్ వైట్ గురించి ఒక మాట. బ్రూఫోర్డ్ వాయింపు పొడిగా, చురుగ్గా, వాక్యానికి విరామచిహ్నాలు పెట్టినట్టు ఉంటుంది. వైట్ దెబ్బ బరువైనది, ‘రిచ్యువల్’లోని ఆ ఘట్టానికి ఆ బరువే కావలసి వచ్చింది. ఇక్కడ బ్రూఫోర్డ్ ఉండి ఉంటే బాగుండేదన్న మాట నేను ఒప్పుకోను.

కత్తెరపదును:

ఏడక్షరాలు గారి విశ్లేషణ చదివాక నా అసమ్మతి ఇంకా బలపడింది. మీరు చెప్పినదే నిజమైతే, తప్పు బాణీలది కాదు, వాటిలో దేన్ని ఉంచాలో దేన్ని తీసేయాలో నిర్ణయించే మనిషి లేకపోవడానిది.

ఇదే కాలపు మరొక జంట ఎల్పీని పక్కన పెట్టి చూపిస్తాను. జర్మనీకి చెందిన కాన్ బృందం 1971లో ‘టాగో మాగో’ను విడుదల చేసింది. కొలోన్ దగ్గర నోర్వెనిష్ కోటలో వారు గంటల తరబడి కలిసి వాయించేవారు, టేపు తిరుగుతూనే ఉండేది. జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ దగ్గర చదువుకున్న బృందసభ్యుడు హోల్గర్ షుకై ఆ టేపులను కూర్చుని విని, కోసి, అతికించి రచనలుగా మలిచాడు. ‘హలెలూవా’ 18 నిమిషాలు దాటినా, యాకి లీబెట్‌సైట్ డ్రమ్స్ మీద పట్టిన ఒకే నడక చుట్టూ మిగిలినదంతా తిరుగుతుంది. ఒకే పదార్థంతో ఉండటమని మీరు అన్నది అక్కడ అక్షరాలా జరిగింది. అసలు రచన వాయించడంలో ఎంత ఉందో కత్తెరలోనూ అంతే ఉంది. అందువల్ల అది నిన్న చేసినట్టు వినిపిస్తుంది. ‘టేల్స్’ మాత్రం 1973 తేదీని నుదుట ధరించి వస్తుంది.

సంగీతం మీద నాకు గౌరవం లేక ఇలా రాయడం లేదు. 18 నిమిషాల ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ శీర్షిక రచనను నేను ఆ దశాబ్దపు గొప్ప రాక్ రచనల్లో మొదటి వరుసలో పెడతాను. పక్షుల కూతలు, నీటి ధ్వనుల నుంచి లేచిన ఆ తుపాను, మధ్యలో లండన్ సెయింట్ జైల్స్ చర్చిలో రికార్డు చేసిన పైప్ ఆర్గాన్ మోగే చోటు, ఆ తరువాత ఆరంభపు బాణీ రూపం మార్చుకుని గెలుపుతో తిరిగి రావడం, ఇవన్నీ ఒకదానికొకటి అవసరమైనవే. అంతటి పనితనం ఉన్నవారు ఏడాదిన్నర తిరగకుండా అవసరం కానివాటిని కూడా ఉంచేశారే అన్నదే నా బాధ.

పాతరికార్డు:

కత్తెరపదును గారూ, మీ పోలికలో ఒక సంగతి చేర్చాలి. యెస్ దగ్గరా కత్తెర ఉంది. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ను కూడా చిన్నచిన్న భాగాలుగా వాయించి రికార్డు చేస్తే, రికార్డింగ్ ఇంజనీరు ఎడ్డీ ఆఫర్డ్ ఆ టేపులను కోసి అతికించాడు. తేడా ఏమిటంటే షుకై కత్తెర తీసివేయడానికి పనిచేసింది, ఆఫర్డ్ కత్తెర కలపడానికి పనిచేసింది. ‘టేల్స్’ విషయంలో ముందే నాలుగు వైపులని నిర్ణయించుకున్నారు కాబట్టి ప్రతి వైపునూ నింపవలసిన బాధ్యత నెత్తిన పడింది.

ఇక్కడ ఎల్పీ స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక వైపున 20 నిమిషాలు దాటే కొద్దీ గాళ్ళను దగ్గరదగ్గరగా చెక్కవలసి వస్తుంది, ధ్వని స్థాయి తగ్గించవలసి వస్తుంది, మంద్రస్వరాలు పలుచబడతాయి. ఆ కాలపు పొడవైన రచనలన్నీ ఇంచుమించు ఒకే నిడివికి వచ్చి ఆగడం వెనుక ఉన్నది సంగీతకారుల ఊహ ఒక్కటే కాదు, ఆ నల్లని పళ్ళెం హద్దు కూడా. యోగానంద పాదసూచికలో నాలుగు తరగతులు ఉన్నాయి, జంట ఎల్పీకి నాలుగు వైపులు ఉన్నాయి. ఈ రెండు నాలుగులూ కలిసిన చోటే ఆల్బమ్ బలమూ బలహీనతా రెండూ పుట్టాయి.

గల్ఫ్‌క్యాసెట్:

ఎల్పీ వైపుల మాట వచ్చింది కాబట్టి ఒక అనుభవం చెబుతాను. గల్ఫ్‌లో పనిచేసిన మా మేనమామ తెచ్చిన 90 నిమిషాల క్యాసెట్‌లో నేను ఈ ఆల్బమ్‌ను మొదట విన్నాను. వైపుకు 45 నిమిషాల క్యాసెట్ కాబట్టి ఎల్పీలోని మొదటి రెండు వైపులు ఒక పక్క, చివరి రెండు మరో పక్క చక్కగా సరిపోయాయి. దానివల్ల నాకు ఇది నాలుగు రచనలుగా కాక రెండు పెద్ద అర్ధభాగాలుగా స్థిరపడింది. మొదటి సగం ఉత్సాహంగా మొదలై నిదానించి నిలిచిపోతుంది, రెండో సగం కరకుగా మొదలై, వెలుతురులోకి వచ్చి, యుద్ధం లాంటి తాళఘోష దాటి శాంతిస్తుంది. అలా వింటే మూడో వైపు తప్పనిసరి అవుతుంది. దాని కరకుదనం లేకపోతే నాలుగో వైపు ఊరటకు అర్థమే ఉండదు.

సీడీ వచ్చాక 80 నిమిషాలు దాటినందున రెండు డిస్కులు చేయవలసి వచ్చింది, ఆ విభజన కూడా ఇలాగే కుదిరింది. ఇప్పుడు ఫోనులో వినేవారు దయచేసి ఆ అర్ధభాగాల పద్ధతిని ఒకసారి ప్రయత్నించండి.

కొత్తశ్రోత:

ఈ చర్చ చదివి ఆసక్తి కలిగింది. నాకు ఈ బృందం గురించి ఏమీ తెలియదు. నేరుగా ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టవచ్చా? ఏ ముద్రణ వినాలో కూడా చెప్పగలరు.

మెలోట్రాన్‌ప్రియుడు:

వద్దు. ముందు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ వినండి, అది 40 నిమిషాల లోపే. ఆ తరువాత ‘రిచ్యువల్’ ఒక్కటే వినండి. అది మీకు పట్టుబడితే మిగతా మూడు వైపులకు తలుపు తెరుచుకున్నట్టే.

ముద్రణల విషయానికి వస్తే మూడు దారులున్నాయి. పాత ఎల్పీ దొరికితే అది. లేదంటే 2003లో రైనో సంస్థ తెచ్చిన సీడీ. అందులో మొదటి వైపుకు ముందు సుమారు రెండు నిమిషాల ఉపోద్ఘాతాన్ని తిరిగి చేర్చారు, సముద్రపు హోరు లాంటి ధ్వనితో మొదలయ్యే ఆ భాగం తరువాత తంబురశ్రుతి గారు చెప్పిన మంత్రపఠనం వస్తే దాని ప్రభావం కొంత మెత్తబడుతుంది, నాకు పాత ఆరంభమే ఇష్టం. మూడోది 2016లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ అసలు బహుళ ట్రాకుల టేపుల నుంచి చేసిన కొత్త మిశ్రమం (మిక్స్). 1973 మిశ్రమంలో కీబోర్డులూ గిటార్లూ గొంతులూ ఒకదాని మీద ఒకటి పడి మసకబారిన చోట్ల విల్సన్ వాటిని విడదీసి నిలిపాడు. రెండో వైపులో మెలోట్రాన్ కింద బేస్ గిటారు ఏమి చేస్తోందో నాకు స్పష్టంగా వినిపించింది ఆ ముద్రణలోనే.

తంబురశ్రుతి:

విల్సన్ ముద్రణ గురించి చిన్న అభ్యంతరం. ఆ స్పష్టత వల్ల లాభం ఎంత ఉందో, మొదటి వైపులోని బృందగానం విషయంలో నష్టమూ అంత ఉంది. పాత మిశ్రమంలో ఆండర్సన్, స్క్వయర్, హౌ గొంతులు ఒకే గొంతుగా కరిగి వినిపిస్తాయి, కొత్తదానిలో ముగ్గురు మనుషులు వినిపిస్తారు. 1973లో శ్రోతలు విన్నది ఆ కరిగిన గొంతునే. పాత ఆల్బమ్‌ను మళ్ళీ వినడమంటే నాకు దాని మసకను కూడా వినడమే.

పాతరికార్డు:

మూడో వైపు గురించి రాస్తానన్నాను. ‘ది ఏన్షియంట్’ తాళవాద్యాలతో, వాటి మీద గీరుకుంటూ పోయే స్టీల్ గిటారుతో మొదలవుతుంది. ఆండర్సన్ ప్రపంచంలోని ఎన్నో భాషల్లో సూర్యుడికి ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా పలుకుతాడు, వాటి మధ్య హిందీలో ఎండ అని అర్థమిచ్చే ‘ధూప్’ కూడా ఉంటుంది. దాదాపు రెండొంతుల నిడివి వరకు శ్రోతను దగ్గరికి రానివ్వని సంగీతం ఇది. యెస్ బృందం అందంగా వినిపించాలన్న కోరికను ఇంతసేపు అదుపులో పెట్టుకున్న సందర్భం ఈ ఆల్బమ్‌లో మరొకటి లేదు. ఆ తరువాత అన్నీ ఆగి, హౌ ఒక్కడే క్లాసికల్ గిటారు అందుకుంటాడు, ఆకుల పచ్చదనం గురించిన చిన్న పాట దాని మీద తేలుతుంది. గల్ఫ్‌క్యాసెట్ గారు కరకుదనం అవసరమన్నారు, దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కత్తెరపదును గారు తీసివేయాలనుకునే మొదటి భాగం ఇదే అయి ఉంటుందని ఊహిస్తున్నాను, నేను మాత్రం రెండో వైపులో నాలుగు నిమిషాలు తీసి ఇస్తాను గాని ఇక్కడ ఒక్క క్షణం కూడా ఇవ్వను.

కత్తెరపదును:

మీ ఊహ నిజమే, అయితే ఆ గిటారు భాగాన్ని నేనూ ముట్టుకోను. 2016 పర్యటనలో యెస్ ఈ ఆల్బమ్ నుంచి మొదటి, నాలుగో వైపులను పూర్తిగానూ, మూడో వైపు నుంచి ఆ చివరి పాటను మాత్రమే వాయించారు. కత్తెర చివరికి వారి చేతికే వచ్చింది, వారు ఎంచుకున్నవి ఈ చర్చలో ఎక్కువమంది మెచ్చినవే.

ఏడక్షరాలు:

వేదిక మాట వచ్చింది కాబట్టి, నాలుగో వైపు నచ్చినవారంతా ‘యెస్‌షోస్’ను వెతికి వినాలి. 1980లో విడుదలైన ఆ జంట ఎల్పీలో 1976 నాటి ‘రిచ్యువల్’ ప్రదర్శన ఉంది. కీబోర్డుల దగ్గర వేక్‌మన్ స్థానంలో ప్యాట్రిక్ మొరాజ్ ఉన్నాడు. స్టూడియోలో 21 నిమిషాలకు పైబడిన రచన ఇక్కడ 28 నిమిషాలకు పెరిగింది, ఆ పెరుగుదలలో అధికభాగం తాళవాద్యాల ఘట్టానిది. నేను ముందు రాసిన లోపం, అంటే ఒకే పదార్థం దగ్గర నిలవకపోవడం, ఈ ప్రదర్శనలో లేదు. మూడేళ్ళు వేదికల మీద వాయించాక ఎక్కడ ఆగాలో, ఎక్కడ మళ్ళీ మళ్ళీ అదే పట్టుకోవాలో వారికి తెలిసింది. అయితే 28 నిమిషాలు ఎల్పీ ఒక వైపున ధ్వని తగ్గకుండా పట్టవు కాబట్టి ఆ రచనను రెండు ముక్కలు చేసి ముద్రించారు. కొనసాగింపుగా వినగలిగే ముద్రణ దొరికితే దానితోనే వినండి, తాళఘోష ముగిసి పియానో వచ్చే చోట మీకు ఏమనిపించిందో ఇక్కడ రాయండి.